కొత్తగా వచ్చిన కుక్కకు పెరడు ఎలా అలవాటవుతుంది?

“అరగంట సేపు పెరట్లో తిప్పాం, ఒక్క చుక్క పోయలేదు. లోపలికి వచ్చీ రాగానే హాలు మధ్యలో పోసేసింది!” షెల్టర్ నుంచో వీధిలోంచో కుక్కను ఇంటికి తెచ్చుకున్నవాళ్ల నోట మొదటి వారంలోనే వినబడే మాట ఇది. దాని వెనకే ఇంకో మాట వస్తుంది: “చూడండి, కావాలనే చేస్తోంది.” అసలు చిక్కంతా ఈ రెండో మాట దగ్గరే ఉంది. కుక్క కావాలని చేస్తోందని నమ్మిన ఇంట్లో కేకలు మొదలవుతాయి, కర్ర చేతికొస్తుంది. కుక్క బెదురుతుంది. నేల మాత్రం తడుస్తూనే ఉంటుంది.

కుక్క కావాలని చేయదు. ఇల్లు వేరు, పెరడు వేరు అన్నది మనం పెట్టుకున్న గీత. గడప దాటితే బయట అని మనకు తెలుసు, దానికి తెలియదు. దానికి పట్టేవి మూడు: కాళ్ల కింద నేల ఎలా ఉంది, అక్కడ ఏ వాసన ఉంది, ఇప్పుడు తనకు వేళయిందా లేదా. ఈ మూడూ పెరట్లో కలిసొచ్చేలా చూస్తే కుక్క పెరట్లోకే వెళ్తుంది. ఇంట్లో కలిసొస్తే ఇంట్లోనే కానిస్తుంది. అందుకే మొదటి నెలలో అలవాటు చేసుకోవాల్సింది కుక్క ఎంతో, ఇంట్లోవాళ్లూ అంతే.

ముందు నేల సంగతి చూద్దాం. పుట్టిన కొత్తలో కుక్కపిల్ల తనంతట తాను మూత్రం కూడా పోయలేదు. తల్లి నాకితేనే ఆ పని జరుగుతుంది. సుమారు మూడు వారాల వయసు వచ్చాక పడుకున్న చోటు వదిలి కొంచెం అవతలికి పాకుతూ వెళ్లి కానిచ్చుకుని వస్తుంది. పడక పాడుచేసుకోకూడదన్న ఈ గుణం ఎవరూ నేర్పనిది. రెండు నెలలు నిండే వేళకు ఎలాంటి నేల మీద వెళ్లాలన్న ఇష్టం కూడా దానికి ఏర్పడుతుంది. మట్టి మీద తిరిగిన పిల్ల మట్టిని వెతుక్కుంటుంది. సిమెంటు గదిలో పెరిగినది సిమెంటునే వెతుక్కుంటుంది.

కుక్కను తెచ్చుకునే రోజున అడగాల్సిన ముఖ్యమైన ప్రశ్న ఇదే: ఇది ఇన్నాళ్లూ ఎక్కడ ఉంది? వీధిలో పెరిగిన నాటు కుక్క అయితే మీ పని సగం తేలిక. అది ఎప్పుడూ రోడ్డు పక్క మట్టిలో, ఇసుక కుప్ప మీద, గడ్డిలో వెళ్లినదే. పెరట్లో ఆ మట్టి కనబడితే చాలు. షెల్టర్ గదిలో నెలల తరబడి ఉన్న కుక్క పరిస్థితి వేరు. అక్కడ సిమెంటు గచ్చు మీదే తినాలి, అక్కడే పడుకోవాలి, అక్కడే కానివ్వాలి. పొద్దున్నే ఎవరో పైపు పెట్టి కడిగేస్తారు. అలాంటి కుక్క మీ ఇంట్లోకి వచ్చి నున్నని టైల్స్ మీద నిలబడితే దానికి అది తనకు తెలిసిన చోటులాగే ఉంటుంది. మొండితనం కాదది, అంతకుముందు నేర్చుకున్న పాఠం.

ఇక మన పెరళ్లు చూడండి. పాత ఇళ్లలో పెరడంటే మట్టి, బావి, అరటి పాదు, కరివేపాకు చెట్టు. ఇప్పుడు కాలనీల్లో కట్టే ఇళ్లకు గోడ నుంచి గోడ దాకా పార్కింగ్ టైల్సే. లోపలా గచ్చు, బయటా గచ్చు అయితే కుక్క తేడా ఎలా పసిగడుతుంది? అలాంటి ఇంట్లో ఒక మూల నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పున చుట్టూ ఇటుకలు పేర్చి మట్టీ ఇసుకా కలిపి పోయండి. ఖర్చు పెద్దగా ఉండదు. కాలికి తగిలే తేడాయే కుక్కకు గుర్తు. గచ్చు తప్ప మరోటి ఎరగని షెల్టర్ కుక్క మొదట మట్టి మీద కాలు పెట్టడానికే జంకవచ్చు. అప్పుడు ఇంట్లో అది పోసిన చోట కాగితం అద్ది, తడిసిన ఆ కాగితాన్ని తెచ్చి ఈ మట్టి మీద ఉంచండి. తన వాసన తనను పిలుస్తుంది.

చోటు ఎంచేటప్పుడు ఇంట్లో అందరూ కూర్చుని ఒక మాట అనుకోవాలి. మన ఇళ్లలో పెరడూ వాకిలీ ఖాళీ జాగాలు కావు. వాకిట్లో ముగ్గు ఉంటుంది, తులసికోట ఉంటుంది, సంపు మూత ఉంటుంది, బోరు ఉంటుంది, పిల్లలు ఆడుకునే మూల ఉంటుంది. ఇంట్లో పెద్దావిడ పొద్దున్నే స్నానం చేసి తులసమ్మకు దీపం పెట్టబోతే కోట పక్కన తడి కనబడిందనుకోండి, ఆ కుక్క ఆ ఇంట్లో నిలవడం కష్టం. ఆమె బాధ చాదస్తం కాదు. ఆ చోటు ఆమెది. కుక్కది వేరే చోటు కావాలి. సంపుకూ బావికీ దూరంగా, వంటింటి కిటికీకి గాలి కొట్టని వైపు, నీళ్లు నిలవని ఒక మూల దానికి కేటాయించండి. మగ కుక్క నిటారుగా కనబడే దాని మీదికే కాలెత్తుతుంది. తులసికోటకు, స్కూటర్ చక్రానికి, గేటు స్తంభానికి ఆ ముప్పు అందుకే. దానికిచ్చిన మూలలో ఒక మొద్దో రాయో నిలబెట్టి పాతిపెడితే అది అక్కడికి వెళ్తుంది. తులసికోట చుట్టూ కొన్నాళ్లు చిన్న కంచె కట్టడం ఇంకా మంచిది.

చోటు కుదిరాక వేళ. కుక్క ఒంట్లో గడియారం చాలావరకు మన చేతుల్లోనే ఉంటుంది, ఎందుకంటే తిండి పెట్టేది మనమే. తిన్న అయిదు నుంచి ముప్ఫై నిమిషాల్లోపు చాలా కుక్కలకు రెంటికి వస్తుంది. కడుపులో తిండి పడగానే పెద్దపేగు కదలడం మొదలవుతుంది కాబట్టి. నిద్ర లేవగానే, ఆట ఆగగానే, బోలెడన్ని నీళ్లు తాగాక ఒంటికి వస్తుంది. రోజంతా గిన్నెలో తిండి వదిలేసే ఇంట్లో కుక్కకు వేళంటూ ఉండదు. పెద్ద కుక్కకు రోజుకు రెండుసార్లు, పిల్లకు మూడు నాలుగుసార్లు, ఒకే సమయానికి పెట్టి పావుగంటలో గిన్నె తీసేయండి. మొదటి రెండు వారాలు తిండి మార్చకండి. షెల్టర్లో ఏం పెట్టారో అడిగి అదే పెట్టి, మెల్లగా మీ ఇంటి తిండిలోకి దించండి. వచ్చిన రోజే ముద్దుగా పాలన్నం పెట్టడం చాలా ఇళ్లలో చూస్తాం. పెద్ద కుక్కల్లో చాలావాటికి పాలు అరగవు. విరేచనాలు పట్టుకున్న కుక్కను వేళకు ఆపమనడం అన్యాయం.

నీళ్లు మాత్రం ఎప్పుడూ కట్టడి చేయకూడదు. నేల తడుపుతోందని నీళ్ల గిన్నె దాచేసేవాళ్లున్నారు. మన ఎండల్లో అది ప్రాణం మీదికి తెచ్చే పని.

కుక్కపిల్ల ఎంతసేపు ఆపుకోగలదన్నదానికి ఒక ముతక లెక్క ఉంది. నెలకు ఒక గంట. రెండు నెలల పిల్ల రెండు గంటలు, మూడు నెలల పిల్ల మూడు గంటలు, అదీ ఆడకుండా ఊరికే పడుకుని ఉంటేనే. మెలకువగా గెంతుతున్న పిల్లను గంటకోసారి తీసుకెళ్లాల్సిందే. రాత్రి ఒకసారి లేవాలి. ఆ సమయంలో లైట్లన్నీ వేసి ముద్దు చేయకుండా నిశ్శబ్దంగా తీసుకెళ్లి నిశ్శబ్దంగా పడుకోబెట్టాలి. లేకపోతే నడిరాత్రి ఆట మరుగుతుంది. పెద్ద కుక్కకు ఇంత అవసరం లేదు. కానీ కొత్త ఇంట్లో బెదురు వల్ల అదీ మొదటి వారం పిల్లలాగే ఉంటుంది. రోజుకు అయిదారుసార్లయినా తీసుకెళ్లండి: లేవగానే, రెండు భోజనాల తర్వాత, మధ్యాహ్నం, సాయంత్రం, పడుకోబోయే ముందు.

ఇప్పుడు మొదట్లో చెప్పిన అరగంట సంగతికి వద్దాం. మూడేళ్ల ఆడ కుక్క. నుదుట తెల్ల మచ్చ ఉంది కాబట్టి చుక్క అని పేరు పెట్టారనుకుందాం. ఇంట్లోవాళ్లు పెరటి తలుపు తీసి “పో” అన్నారు. చుక్క బయటికెళ్లింది. పక్కింటి పిల్లి గోడ మీద నడుస్తోంది. వీధిలో కూరగాయల బండి అరుపు. గేటు కింద నుంచి వేరే కుక్క వాసన. ఇన్ని కొత్త సంగతుల మధ్య కుక్క మూత్రం మాటే మరిచిపోతుంది. బెదిరిన కుక్క అయితే వెనకాళ్లు ముడుచుకుని వంగడానికే భయపడుతుంది, ఆ క్షణంలో పారిపోవడం కుదరదు గనక. అరగంట అలా గడిచింది. లోపలికి వచ్చింది. చప్పుళ్లు ఆగాయి. మనసు కుదుటపడింది. అప్పుడు ఒంటికి వచ్చిన సంగతి తెలిసింది. అక్కడే పోసింది. ఇందులో దాని తప్పేం లేదు.

దీనికి మందు, కుక్కతో పాటు మనిషి వెళ్లడం. మెడకు బెల్టు వేసి, నాలుగైదు అడుగుల తాడుతో, ప్రతిసారీ ఒకే తలుపులోంచి, అదే మూలకు. వెళ్లేటప్పుడు ఇంట్లో అందరూ ఒకే మాట అనాలి. “పెరట్లోకి” అన్నా సరే, “పద పద” అన్నా సరే, ఒకరు అన్నది అందరూ అనాలి. ఆ మూలకు చేరాక కదలకుండా నిలబడండి. ఫోను తీయకండి, కబుర్లు చెప్పకండి, “పొయ్యి, పొయ్యి” అని తొందరపెట్టకండి. తాడు అందినంత మేర అది వాసన చూస్తుంది. ముక్కు నేలకు ఆన్చి ఒకవైపు వెళ్తుంది, వెనక్కి వస్తుంది, అదే చోటు రెండోసారి చూస్తుంది, చిన్న చుట్టు తిరుగుతుంది. ఆ చుట్టు బిగిసి చిన్నదవుతోందంటే వేళ దగ్గరపడిందని అర్థం. అప్పుడు ఊపిరి బిగబట్టినట్టు నిశ్చలంగా ఉండాలి. పని పూర్తయిన క్షణాన, అక్కడే, జేబులో ఉంచుకున్న ఉడికిన కోడిమాంసం ముక్క నోటికివ్వాలి. మెచ్చుకోవాలి. పూర్తి కాకముందే మెచ్చుకుంటే సగంలో ఆపి మన దగ్గరికి వచ్చేస్తుంది, మిగతాది ఇంట్లో పోస్తుంది. లోపలికి వచ్చాక ముక్క ఇస్తే, లోపలికి వచ్చినందుకు ఇచ్చారనుకుంటుంది. కుక్క ఒక పనికీ దాని ఫలితానికీ ముడిపెట్టుకునేది క్షణాల్లోనే.

ముక్క ఇచ్చిన వెంటనే లాక్కొచ్చేయకండి. పోయగానే బయట తిరుగుడు అయిపోతుందని గ్రహించిన కుక్క ఆపుకోవడం నేర్చుకుంటుంది. తెలివైన కుక్కలే ఈ పాఠం ముందు నేర్చుకుంటాయి. పోసిన తర్వాతే ఆట, పోసిన తర్వాతే పెరడంతా తిరగడం. వరస అలా ఉండాలి.

అయిదారు నిమిషాలు నిలబడినా ఏమీ కాలేదా? విసుక్కోకుండా లోపలికి తీసుకురండి. కానీ వదిలేయకండి. తాడు చేత్తోనే పట్టుకోండి, లేదా నడుముకు కట్టుకుని మీ పని చేసుకోండి. పది, పదిహేను నిమిషాల తర్వాత మళ్లీ అదే మూలకు. ఆ మధ్యలో దాన్ని ఒంటరిగా హాల్లో వదలకపోవడమే ఈ మొత్తం శిక్షణలో ముఖ్యమైన మెళకువ అని నా నమ్మకం. చాలామంది ఇక్కడే తడబడతారు.

ఇంట్లో స్వేచ్ఛ గది తర్వాత గదిగా ఇవ్వాలి. మొదట్లో ఒక్క గది చాలు, మనుషులు మసలే గది. కాళ్లపట్టాలు, తివాచీలు కొన్ని వారాలు చుట్టి అటక మీద పెట్టేయండి. మెత్తగా ఉండి తడి పీల్చుకునే పట్టా కుక్కకు గడ్డిలాగే ఉంటుంది. ఆడుతూ ఆడుతూ ఉన్నట్టుండి ఆగడం, నేల వాసన చూడటం, సోఫా వెనక్కో మంచం కిందికో జారుకోవడం, తలుపు వైపు చూసి మిమ్మల్ని చూడటం, ఇవన్నీ ముందస్తు కబుర్లు. ఇవి కనబడగానే లేచి వెళ్లాలి, సీరియల్లో ప్రకటనలు వచ్చేదాకా ఆగకూడదు.

ఎంత జాగ్రత్తపడ్డా కొన్నిసార్లు ఇంట్లో పోస్తుంది. పోస్తుండగా చూస్తే చిన్నగా చప్పట్లు కొట్టి, “పద పద” అంటూ పెరట్లోకి తీసుకెళ్లండి. మిగతాది అక్కడ పోస్తే ముక్క ఇవ్వండి. అయిపోయాక చూశారా? తుడవడం తప్ప చేయగలిగింది లేదు. మూతి పట్టుకుని తడికి రుద్దడం, కొట్టడం మన దగ్గర తరాలుగా ఉన్న పద్ధతి. దాని వల్ల కుక్క నేర్చుకునేది ఒక్కటే, మనిషి ఎదురుగా ఉన్నప్పుడు పోయకూడదని. ఆ తర్వాత అది మంచం కింద పోస్తుంది, పెరట్లో మీరు పక్కన నిలబడితే పోయడం మానేస్తుంది. మీకు కావాల్సిందానికి సరిగ్గా వ్యతిరేకం.

“తప్పు చేసినట్టు మొహం పెడుతుంది కదా, తెలియకపోతే అలా ఎందుకు పెడుతుంది?” అని అడుగుతారు. న్యూయార్క్‌లోని బర్నార్డ్ కాలేజీ పరిశోధకురాలు అలెగ్జాండ్రా హోరోవిట్జ్ 2009లో దీన్నే పరీక్షించి చూపించారు. తినొద్దన్న తిండిని కుక్క తిన్నదా లేదా అన్నదానితో నిమిత్తం లేకుండా, యజమాని కోప్పడినప్పుడే ఆ మొహం ఎక్కువగా కనబడింది. ఏ తప్పూ చేయని కుక్కలు కూడా తిట్లు తింటే చెవులు వాల్చి తల దించాయి. అది పశ్చాత్తాపం కాదు, మన గొంతు విన్న భయం.

తుడవడంలో కూడా పద్ధతి ఉంది. మన ఇళ్లలో చేయి వెళ్లేది ఫినాయిల్ సీసా మీదికి. ఫినాయిల్ వాసన మన ముక్కును నింపుతుంది తప్ప మూత్రం వాసనను తీసేయదు. కుక్క ముక్కులో వాసన పట్టే కణాలు మనకంటే ఎన్నో రెట్లు ఎక్కువ, అది ఫినాయిల్ కింద ఉన్న తన గుర్తును చక్కగా పట్టేస్తుంది. పైగా నల్ల ఫినాయిల్‌లోని రసాయనాలు పాదాలకు అంటి, నాక్కున్నప్పుడు కడుపులోకి వెళ్తాయి. అమ్మోనియా ఉన్న క్లీనర్లు అసలే వద్దు, మూత్రంలో ఉండే వాసనా అదే. తడి మీద నేరుగా బ్లీచింగ్ పొడి చల్లితే ఘాటైన విషవాయువు పుడుతుంది. ముందు పాత గుడ్డతో అద్ది మొత్తం పీల్చేయండి, నీళ్లతో కడగండి, ఆపై పెంపుడు జంతువుల దుకాణాల్లో దొరికే ఎంజైమ్ క్లీనర్ పోసి సీసా మీద రాసినంతసేపు వదిలేయండి. అది వాసనకు మూలమైన పదార్థాన్నే విరగ్గొడుతుంది. వెనిగర్ వాడేవాళ్లు పాలరాతి మీద మాత్రం వాడకండి, రాయి మెరుపు పోతుంది.

పెరడు అలవాటయ్యాక కూడా కాలం మారినప్పుడు కొన్ని ఇబ్బందులు వస్తాయి. వానాకాలంలో తడి నేల మీద కాలు పెట్టని కుక్కలు చాలా ఉంటాయి. సన్‌షేడ్ కింద కొంత మట్టి పొడిగా ఉండేలా చూసుకోండి, గొడుగు పట్టుకుని మీరూ వెళ్లండి. వేసవిలో పార్కింగ్ టైల్స్ పదింటికే కాలిపోతుంటాయి. అరచేతి వెనకభాగం నేల మీద అయిదారు సెకన్లు ఉంచలేకపోతే కుక్క కాలూ ఉండలేదు. దీపావళి రోజుల్లో చీకటి పడకముందే తీసుకెళ్లి రావాలి, అదీ తాడు కట్టే. టపాసుకు బెదిరిన కుక్క ప్రహరీ దూకేస్తుంది.

మట్టి శుభ్రం గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. కుక్క మలంలోంచి ఏలికపాములు, కొంకి పురుగులు మట్టిలోకి చేరతాయి. కొంకి పురుగు పిల్లలు ఉత్త కాళ్లతో నడిచే మనుషుల చర్మంలోకి దూరగలవు. పిల్లలు ఆ మట్టిలో ఆడి చేతులు నోట్లో పెట్టుకుంటే ఏలికపాముల గుడ్లు కడుపులోకి పోతాయి. ఏలికపాము గుడ్డు మట్టిలో పడిన వెంటనే హాని చేయదు, ఆ స్థితికి రావడానికి రెండు మూడు వారాలు పడుతుంది. కొంకి పురుగుకు అంత సమయం పట్టదు. కాబట్టి ప్రతిరోజూ, వీలైతే అప్పటికప్పుడే ఎత్తి పారేస్తే ముప్పు బాగా తగ్గుతుంది. ఎత్తినదాన్ని కూరగాయల పాదుల్లో వేయకండి. పిల్ల కుక్కకు మూడు నెలలదాకా రెండు వారాలకోసారి, ఆరు నెలలదాకా నెలకోసారి, ఆపైన మూడు నెలలకోసారి నులిపురుగుల మందు వేయించడం రివాజు. డాక్టరును అడిగి ఆ లెక్క పెట్టుకోండి. ఇంకో హెచ్చరిక. ఆ పెరట్లో ఇంతకుముందు ఏ కుక్కపిల్లయినా పార్వో వచ్చి నెత్తుటి విరేచనాలతో చనిపోయి ఉంటే, టీకాలు పూర్తికాని పిల్లను అక్కడికి తీసుకెళ్లకండి. ఆ వైరస్ మట్టిలో ఏడాదికి పైగా కూడా బతుకుతుంది.

కొన్ని తడులు అలవాటుకు సంబంధించినవి కావు. మీరు ఆఫీసు నుంచి రాగానే ఒళ్లు ముడుచుకుని చుక్కలు వదిలే కుక్క భయంతోనో ఆనందంతోనో వదులుతోంది. మీద వంగకుండా, పక్కకు తిరిగి కూర్చుని మెల్లగా పలకరిస్తే తగ్గుతుంది. గోడల మీద కొంచెం కొంచెం చిమ్మే మగ కుక్క తన హద్దులు రాసుకుంటోంది. సంతాన నిరోధక ఆపరేషన్‌తో ఇది చాలావరకు తగ్గుతుంది. వీధి కుక్కకు చెవి కొసన కోత గుర్తు ఉంటే మున్సిపాలిటీ కార్యక్రమంలో ఆపరేషన్, రేబిస్ టీకా అయినట్టే, అయినా టీకా మళ్లీ ఎప్పుడు వేయించాలో కనుక్కోండి. మాటిమాటికీ కొద్దిగా పోయడం, ముక్కడం, ఎరుపు కనబడటం, విపరీతంగా నీళ్లు తాగడం, నిద్రలో తడపడం ఇవన్నీ జబ్బు సూచనలు. వీటికి శిక్షణ పనిచేయదు, వైద్యం కావాలి.

ఎన్నాళ్లు పడుతుంది? వేళలు తప్పని ఇంట్లో పెద్ద కుక్క చాలావరకు రెండు నుంచి నాలుగు వారాల్లో దారికొస్తుంది. పిల్లకు ఆరు నెలల వయసు దాటేదాకా అప్పుడప్పుడూ తప్పులు మామూలే. వరసగా నాలుగు వారాలు ఇంట్లో ఒక్క తడీ లేకుండా గడిస్తేనే ఇంకో గది తలుపు తెరవండి. మధ్యలో ఊరెళ్లి వచ్చినా, ఇంటికి చుట్టాలు వచ్చినా ఒకటి రెండు మెట్లు కిందికి జారుతుంది. మళ్లీ తాడు, మళ్లీ అదే మూల.

తెచ్చుకున్న కుక్కను నేల పాడుచేస్తోందన్న ఒక్క కారణంతో షెల్టర్‌కు తిరిగి అప్పగించేవాళ్లకు నాదొక విన్నపం. అప్పగించే ముందు ఒకసారి వెటర్నరీ డాక్టరుకు చూపించండి, మూత్ర పరీక్ష చేయించండి. ఒంట్లో జబ్బేమీ లేదని తేలితే, ఇంట్లో ఎవరో ఒకరు బాధ్యత తీసుకుని నెల రోజులు తాడు పట్టుకుని దానితో పాటు పెరట్లోకి వెళ్లండి. ఆ తర్వాతే దాన్ని ఉంచుకోవాలా వద్దా అన్నది ఆలోచించండి.